కుస్తీ కోచ్ అయిన అల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సైన్సు చెబుతున్న బడిలోనే కుస్తీ జట్టుకు హెడ్ కోచ్‌గా ఒప్పుకున్నావట. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా కలిపితే నూట ముప్పై మంది పిల్లలు, కిందటి సీజన్ చివరికి జట్టులో మిగిలింది ఆరుగురట. అమెరికాలోని అయోవా లాంటి చోట, కుస్తీ అంటే ఊరు ఊరంతా జిమ్ముకు కదిలొచ్చే చోట, మనింటి పిల్లాడు మ్యాట్ పక్కన కోచ్ కుర్చీలో కూర్చుంటాడంటే గుండె నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆరుగురితో జట్టు నడపడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏ తప్పులు నిన్ను చెయ్యి పట్టుకుని లాగుతాయో కూడా తెలుసు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని సగంలో పెట్టేస్తావు. ఉత్తరమైతే దాచుకుని జనవరిలో మళ్లీ చదువుకుంటావు. దీంతో పని పడేది జనవరిలోనే.

కోచింగ్ అనుమతి, సీపీఆర్, కంకషన్ (తలకు దెబ్బ) శిక్షణ ప్రాక్టీసు మొదలయ్యేలోగా ముగించు. డాక్టరు సంతకం పెట్టిన ఫిజికల్ ఫారం లేనివాణ్ణి మ్యాట్ ఎక్కనివ్వకు. హెడ్‌గేర్, బూట్లు, పళ్లకు క్లిప్పులున్నవాళ్లకు మౌత్‌గార్డు. ఇవన్నీ నీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

ముందు లెక్క ఒకటి కాగితం మీద వేసుకో. 2023-24 నుంచి ఒక్కో రాష్ట్రం 12, 13, 14 బరువు తరగతుల పట్టికల్లో తనకు కావలసినది ఎంచుకోవచ్చు. అయోవాలో మగపిల్లలకు 14 ఉన్నాయి: 106, 113, 120, 126, 132, 138, 144, 150, 157, 165, 175, 190, 215, 285 పౌండ్లు. రెండు బళ్లు తలపడే డ్యూయల్‌లో ఒక బరువుకు నీ దగ్గర మనిషి లేకపోతే అది ఫర్‌ఫీట్, అవతలి జట్టుకు 6 పాయింట్లు. అయిదు బరువులు ఖాళీ అయితే 30. మిగిలిన తొమ్మిదిలో నీ పిల్లలు తొమ్మిదీ గెలిచినా, అన్నీ మామూలు డెసిషన్లే (8 కన్నా తక్కువ పాయింట్ల తేడాతో గెలుపులు) అయితే ఒక్కోదానికి 3 చొప్పున 27. ఒక్క కుస్తీ కూడా ఓడకుండా జట్టు ఓడిపోతుందన్నమాట. 8 పాయింట్ల తేడాతో గెలిస్తే 4 వస్తాయి, 15 తేడా వస్తే 5, ఎదుటివాణ్ణి చిత్తు చేస్తే 6. చిన్న బడి కోచ్ మనసు చెడేది సరిగ్గా ఈ లెక్క దగ్గరే. ఆ ఖాళీ గడులు చూస్తూ ఊరుకోలేక, ఎవర్నో ఒకర్ని తెచ్చి నింపేద్దామనిపిస్తుంది.

ఇక్కడే నా పాత తప్పు చెప్పాలి. ఇరవై రెండేళ్ల కిందటి మాట. నేను అప్పుడు ఓ చిన్న బడిలో అసిస్టెంట్ కోచ్‌ని. అప్పటి బరువులు వేరు, 119 ఖాళీగా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు కొత్తగా చేరాడు, ఎనిమిది ప్రాక్టీసులు అయ్యాయి. తూస్తే 112. నిబంధన ప్రకారం తన బరువుకు ఒక మెట్టు పైకి ఎక్కి ఆడొచ్చు, అంటే 112 వాడు 119లో దిగొచ్చు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. హెడ్ కోచ్‌కు నేనే చెప్పాను, వీణ్ణి దింపుదామని. అవతల ఉన్నది మూడో ఏడు ఆడుతున్న కుర్రాడు. ఈల ఊదిన పది సెకన్లకే కాళ్లు దొరకబుచ్చుకుని కింద పడేశాడు. మనవాడు బోర్లా పడ్డాడు, అది నేర్పాం. బోర్లా పడ్డాక ఏం చెయ్యాలో నేర్పలేదు. అవతలివాడు చంక కింద నుంచి చెయ్యి దూర్చి మెడ మీద పట్టు బిగించాడు, హాఫ్ నెల్సన్. మనవాడు తల పైకెత్తాలి, మోచెయ్యి ఒంటికి బిగించాలి, దూరిన చేతిని మణికట్టు దగ్గర పట్టి కిందికి లాగాలి. వాడు భయపడి తల మ్యాట్‌లోకి దూర్చాడు. తల వంగితే ఆ పట్టుకు అంతకన్నా సులువు ఉండదు. తిప్పేశాడు. రెండు భుజాలూ రెండు సెకన్లు మ్యాట్‌కు ఆనితే చాలు, ఆట అయిపోతుంది. మొత్తం నలభై సెకన్లు పట్టిందేమో.

ఇప్పుడు లెక్క చూడు. ఫర్‌ఫీట్ ఇచ్చుంటే అవతలివాళ్లకు 6. పిల్లాడు చిత్తయినందుకు 6. వాణ్ణి అందరి ముందూ వెల్లకిలా పడుకోబెట్టి నేను మిగిల్చింది సున్నా. వాడు ఆరు నిమిషాలూ నిలబడి డెసిషన్‌తో ఓడితే 3 మిగులుతాయని నా ఆశ. ఆ మూడు పాయింట్ల ఆశకు పిల్లాణ్ణి పణంగా పెట్టాను. మర్నాడు పొద్దున నా బల్ల మీద హెడ్‌గేర్ ఉంది. కడిగి, తుడిచి, పట్టీలన్నీ బిగించి పెట్టాడు. వాడి తల చిన్నది, అందుకని పట్టీని చివరి బెజ్జం దాకా లాక్కునేవాడు. ఆ బెజ్జం దగ్గర ప్లాస్టిక్ తెల్లగా మడత పడి ఉంది. వాడు మళ్లీ రాలేదు. వాడితో పాటు వద్దామనుకున్న ఇద్దరు స్నేహితులూ రాలేదు. ఒక్క ఖాళీ నింపబోయి మూడు ఖాళీలు తెచ్చుకున్నాను. మెడకు ఏమీ కాలేదు, అది దేవుడి దయ. కొత్తవాడు తల మ్యాట్‌లోకి గుచ్చుకున్న ఆ క్షణం ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది. అల్లుడూ, మెడ సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

తర్వాత నేను పెట్టుకున్న కొలతలు రాస్తున్నాను, వాడుకో. కొత్తవాడికి కనీసం పదిహేను ప్రాక్టీసులు కావాలి. వెల్లకిలా పడుకోబెట్టి, అదే బరువువాణ్ణి ఛాతీ మీద ఛాతీ ఆనించి, "తిరుగు" అంటే పదిహేను సెకన్లలో వంతెన వేసి బోర్లా తిరగాలి, వరసగా మూడుసార్లు. కాళ్ల మీదికి అయిదుసార్లు దూకిస్తే మూడుసార్లయినా కాళ్లు వెనక్కి తన్ని, నడుం బరువు ఎదుటివాడి మీద వెయ్యాలి. రెఫరీ పొజిషన్‌లో (ఒకడు చేతులూ మోకాళ్లూ ఆనించి, రెండోవాడు పైన పట్టుకుని మొదలెట్టే స్థితి) కింద ఉన్నప్పుడు ఎదుటివాడి చెయ్యి పట్టుకుని పైకి లేవడం రావాలి. రెండేసి నిమిషాలు మూడు పీరియడ్లు ప్రాక్టీసులో పూర్తిగా ఆడాలి. నొప్పి ఎక్కడుందో సిగ్గుపడకుండా చెప్పడం కూడా రావాలి. ఇందులో ఒక్కటి రాకపోయినా ఆ గడి ఖాళీగానే వదిలెయ్యి. అవతలి కోచ్‌కు ముందురోజే ఫోన్ చేసి, "నా దగ్గర కొత్తవాడొకడు ఉన్నాడు, నీ దగ్గర ఈ బరువుకు ఇంచుమించు కొత్తవాడెవడైనా ఉంటే ఎగ్జిబిషన్ ఆడిద్దాం" అని అడుగు. ఇలా అడిగితే ఎవరూ కాదనరు. ఆ మ్యాచ్‌కు జట్టు పాయింట్లు ఉండవు, కానీ పిల్లాడికి ఈలా, రెఫరీ, వాళ్లమ్మ చప్పట్లూ అన్నీ ఉంటాయి. పాతబస్తీ తాలీముల్లో వస్తాదు సరిజోడు చూసుకోకుండా కుర్రాణ్ణి గోదాలోకి దింపడు. మట్టి గోదాకు వర్తించేది మ్యాట్‌కు వర్తించదా?

మరి ఖాళీలు ఎలా నిండుతాయి? కారిడార్లలో నిండుతాయి. క్రాస్ కంట్రీ పరిగెత్తే బక్కపిల్లల్లో నీకు 106 నుంచి 126 దాకా దొరుకుతారు. అమెరికన్ ఫుట్‌బాల్ లైన్‌లో నిలబడేవాళ్లలో 190, 215 ఉంటారు. ఫుట్‌బాల్ కోచ్‌తో ఆగస్టులోనే కాఫీ తాగు. కింద పడేయడం, నడుం బరువుతో నెట్టడం కుస్తీలో నేర్చుకున్నవాడు తనకు మంచి లైన్‌మన్ అవుతాడని ఆయనకూ తెలుసు. చలికాలంలో నీకు పోటీ బాస్కెట్‌బాల్. చిన్న బడిలో రెండు ఆటలకూ అవే పిల్లలు కావాలి. బాస్కెట్‌బాల్ కోచ్‌తో పేచీ పెట్టుకోకు. ఆయన జట్టులో పదమూడో వాడిగా బెంచీ మీద కూర్చునే పొట్టివాణ్ణి, ఆయన్ని అడిగే పిలువు. బ్యాండు గదినీ మరచిపోవద్దు, ఆటలంటే తమకు కాదనుకునే పిల్లలు అక్కడ చాలామంది ఉంటారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. లావుగా ఉన్న పిల్లాడి దగ్గరికి వెళ్లి "మాకు 285 ఖాళీగా ఉంది" అనకు. వాడికి వినబడేది తన ఒళ్లు తప్ప ఇంకోటి కాదు. "నిన్న పీఈలో నీ అడుగు చూశాను, కాళ్లు భలే స్థిరంగా ఉన్నాయి, ఓ వారం వచ్చి చూడు" అను. నిజంగా చూసి చెప్పు, ఊరికే పొగడకు.

ఇక బరువు తగ్గించడం. నా భయమంతా ఇక్కడే ఉంది, చిరాకు పడకుండా చదువు. 1997లో నవంబరు 7 నుంచి డిసెంబరు 9 లోపు, నెల రోజులు కాస్త దాటిన వ్యవధిలో, ముగ్గురు కాలేజీ కుస్తీ పిల్లలు బరువు దించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకరు నార్త్ కెరొలైనాలో, ఒకరు విస్కాన్సిన్‌లో, ఒకరు మిషిగన్‌లో. వేడిలో, చెమట పట్టే సూట్లేసుకుని, నీళ్లు మానేసి వ్యాయామం చేశారు. కొవ్వు గంటల్లో కరగదు, గంటల్లో పోయేది నీరొక్కటే. నీరు పోతే రక్తం చిక్కబడుతుంది, ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు, గుండె ఆగుతుంది. సైన్సు మాస్టారివి, నాకన్నా బాగా చెప్పగలవు. మొదటిరోజే పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి బోర్డు మీద గీసి చెప్పు.

ఇప్పుడు హైస్కూల్లో నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. సీజన్ మొదట్లో మూత్రం పరీక్ష, సాంద్రత 1.025 దాటితే ఒంట్లో నీరు తక్కువ కింద లెక్క, ఆ రోజు కొలత తీసుకోరు. తర్వాత కొవ్వు శాతం కొలుస్తారు. మగపిల్లలకు 7, ఆడపిల్లలకు 12 శాతం కన్నా కిందికి పోయే బరువులో ఆడటానికి ఒప్పుకోరు. వారానికి ఒంటి బరువులో 1.5 శాతానికి మించి దించకూడదు. 150 పౌండ్లవాడికి అది రెండుంపావు పౌండ్లు. రబ్బరు సూట్లు, ఆవిరి గదులు, విరేచనాల మందులు, మూత్రం మందులు అన్నీ నిషేధం. కానీ నిబంధన ఉందని నిశ్చింతగా ఉండకు. చిన్న బడిలో ఒత్తిడి వేరే దారిలో వస్తుంది. 132లో ఇద్దరు మంచివాళ్లు ఉంటారు, 126 ఖాళీ. ఇద్దరిలో ఒకడు కిందికి దిగితే జట్టుకు ఆరు పాయింట్లు మిగులుతాయి. నువ్వు నోరు తెరిచి అడగకపోయినా వాడే వచ్చి "కోచ్, నేను దిగుతాను" అంటాడు. ఆ మాటలో వాడి మంచితనం ఉంటుంది, నీ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అయినా వద్దను. పైకి పంపు, 138లో ఆడించు. ఎదిగే పిల్లాడు నాలుగు మ్యాచులు ఓడినా ఫరవాలేదు, రాత్రి కడుపు నిండా తిని పడుకోవాలి. మీ అమ్మమ్మ ఉండి ఉంటే, పిల్లాడికి అన్నం పెట్టకుండా ఆడించే ఆట ఏం ఆటరా అని నన్నూ నిన్నూ కలిపి తిట్టేది.

క్లాసులో గమనించు. వెచ్చగా ఉన్న గదిలో రెండు స్వెట్‌షర్టులు వేసుకుని కూర్చునేవాడు, సీసాలో ఉమ్ముతూ ఉండేవాడు, మధ్యాహ్నం భోజనం పళ్లెం పక్కవాడికి తోసేసేవాడు. పెదాలు పగిలి, మాట్లాడితే నాలుక అంటుకుపోతుంటుంది. అలాంటివాణ్ణి ఆ రోజు ఆడించకు. వాళ్ల నాన్న వచ్చి అరిచినా ఆడించకు.

ప్రాక్టీసు సంగతికి వస్తాను. మామూలు మ్యాట్ 38 అడుగుల చదరం, మూడు ముక్కలుగా వస్తుంది, మధ్యలో టేపు. జోడీకి సుమారు వంద చదరపుటడుగులు కావాలనుకుంటే 1,444లో పద్నాలుగు జోడీలు పడతాయి. నీకు స్థలానికి కొదవ లేదు, కొరతంతా జోడీకే. ఆరుగురిలో ఒకడు 110, ఒకడు 135, ఒకడు 150, మిగిలినవాళ్లు 180 పైన అనుకో. 110 వాణ్ణి 180 వాడితో పట్టించావా, పైవాడు జారి మోకాలి మీద పడితే చాలు, సీజన్ పోతుంది. పదిశాతం తేడా దాటితే పూర్తి ఆట వద్దు, నెమ్మదిగా పట్లు తిప్పుకోవడం వరకే. ముగ్గురేసి గుంపు చెయ్యి. మధ్యలో ఒకడు నిలబడతాడు, ముప్పై సెకన్లకొకసారి తాజాగా ఉన్నవాడు వచ్చి తలపడతాడు. రెండు నిమిషాలయ్యాక మధ్యవాడు మారతాడు. వారానికి ఒక సాయంత్రం పక్క ఊరి బడితో కలిసి ప్రాక్టీసు పెట్టుకో, అక్కడి కోచ్‌కూ 110 వాడికి జోడు లేక ఇబ్బందే. పాత విద్యార్థుల్లో పనులు చేసుకుంటూ ఊళ్లోనే ఉన్నవాడొకడు దొరికితే, బడి నియమాల ప్రకారం అసిస్టెంట్‌గా తీసుకుని పెద్ద బరువులకు జోడీ చెయ్యి.

గంటన్నర చాలు. పావుగంట ఒళ్లు వేడెక్కడానికి, మెడకు వంతెనలు, చేత్తో నాలుగు దిక్కులా ఒత్తిడి. అరగంట పట్లు. అరగంట సందర్భాలు, అంటే "కాలు దొరికింది, ఎదుటివాడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు, ఇక్కణ్ణుంచి మొదలు" లాంటివి. మిగిలింది అసలు ఆట. కొత్తవాళ్లకు మూడంటే మూడే పట్లు నేర్పు: నిలబడి సింగిల్ లెగ్ (ఒక కాలు పట్టి పడేయడం), కింద నుంచి స్టాండప్ (లేచి నిలబడి విడిపించుకోవడం), పై నుంచి నడుం బిగించి హాఫ్ నెల్సన్. రోజుకో కొత్త పట్టు చూపిస్తే జనవరికి ఇరవై పేర్లు తెలుస్తాయి, ఒక్కటీ రాదు. నీ జట్టుకు హాఫ్ నెల్సన్ మీద ఎక్కువ సమయం ఎందుకంటే, ఖాళీలున్న జట్టు డ్యూయల్ గెలవాలంటే దారి ఒక్కటే, ఉన్నవాళ్లు చిత్తు చెయ్యడం. 2024-25 నుంచి టేక్‌డౌన్‌కు (నిలబడ్డవాణ్ణి కింద పడేసి అదుపులోకి తెచ్చుకోవడం) రెండు కాదు మూడు పాయింట్లు, వెల్లకిలా పట్టి ఉంచినదానికి సెకన్లను బట్టి రెండు, మూడు, నాలుగు. పాత వీడియోలు చూసి స్కోరు చెప్పే తండ్రులకు ఇది ముందే వివరించు, గొడవలు తగ్గుతాయి.

డ్యూయల్ మొదలయ్యే ముందు రెఫరీ డిస్కు ఎగరేస్తాడు. గెలిస్తే వరసలో సరి స్థానాల బరువులా (2, 4, 6...), బేసి స్థానాల బరువులా (1, 3, 5...) అనేది ఎంచుకుంటావు. ఆ బరువుల్లో ఎవరు ముందుగా తమ మనిషిని చూపాలన్నది దానితో తేలుతుంది. ఆరుగురున్న జట్టుకు ఇది ప్రాణం లాంటిది. నీ 126 వాడు 126లో దిగాలా, 132కి ఎక్కాలా అన్నచోట అవతలివాడు ముందు చూపాల్సి వచ్చేలా ఎంచుకో. వాళ్లకూ 132 ఖాళీ అయితే నీవాడు ఊరికే నిలబడి చెయ్యి పైకెత్తించుకుంటాడు, ఆరు పాయింట్లు. అయినా నీ క్యాలెండర్‌లో డ్యూయల్స్ కన్నా వ్యక్తిగత టోర్నమెంట్లే ఎక్కువ పెట్టుకో. అక్కడ ఖాళీలకు శిక్ష లేదు, ఉన్న ఆరుగురికీ రోజులో నాలుగు మ్యాచులు దొరుకుతాయి. ఎలిమినేషన్ కన్నా రౌండ్ రాబిన్ ఉన్నచోటికి తీసుకెళ్లు, రెండు ఓడి ఇంటికి పోయే కొత్తవాడు నేర్చుకునేది తక్కువ.

చర్మం. దీన్ని తేలిగ్గా తీసుకోకు. 1989లో మిన్నెసోటాలో హైస్కూలు కుస్తీ క్యాంపు ఒకటి నాలుగు వారాలు జరిగితే, 175 మందిలో 60 మందికి హెర్పిస్ అంటుకుంది. ఆరుగురున్న జట్టులో ఇద్దరికి వస్తే జట్టే లేదు. రోజూ ప్రాక్టీసుకు ముందు వెలుతురున్న చోట నిలబెట్టి ముఖం, మెడ, చేతులు, వీపు చూడు. గుండ్రంగా ఎర్ర అంచు, మధ్యలో పొలుసు ఉంటే తామర. ఎర్రటి చోట గుంపుగా చిన్న నీటి పొక్కులు, ముందు చుర్రుమంటుందంటే హెర్పిస్ అని అనుమానించు. ఈ రెండిటినీ తికమకపడి తామర మందు రాసుకుంటూ కూర్చుంటే వారం పోతుంది, ఈలోగా అందరికీ అంటుతుంది. ఒంటి మీద తామరకు మందు మొదలెట్టాక కనీసం 72 గంటలు, తల మీద అయితే నోటి మందు 14 రోజులు. హెర్పిస్ మొదటిసారైతే కనీసం 10 రోజులు, తిరగబెట్టినదైతే 120 గంటల మందు. డాక్టరు ఫారం లేకుండా మ్యాట్ మీద అడుగు పెట్టకూడదు. పౌడరు పూసి దాచుకునే పిల్లలుంటారు, తిట్టకు. తిడితే ఇంకా దాస్తారు.

మ్యాట్ రోజూ ముందు ఊడ్చి, తర్వాతే మందు నీళ్లతో తుడవాలి. దుమ్ము మీద పోస్తే మందు దుమ్మునే శుభ్రం చేస్తుంది. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక పాలుకు వంద పాళ్ల నీళ్లు, ఏ రోజుది ఆ రోజే కలుపు. సీసా మందైతే దాని మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉండాలి, తుడిచి వెంటనే ఆరబెడితే లాభం లేదు. మాపు గుడ్డ రోజూ ఉతకాలి. బయట తిరిగిన బూట్లతో ఎవరూ ఎక్కకూడదు, ప్రిన్సిపాల్ అయినా సరే. మీకు కుస్తీ గది లేదనీ, భోజనశాలలో మ్యాట్ పరిచి ఎత్తాలనీ మీ అమ్మ చెప్పింది. చలికి బిగుసుకుపోయిన మ్యాట్‌ను చుడితే పైపొర పగులుతుంది, ఆ పగుళ్లలో చెమటా క్రిములూ చేరతాయి. గది కాస్త వెచ్చబడ్డాకే చుట్టు. కొత్త మ్యాట్ అంటే వేల డాలర్ల మాట, అందుకని దగ్గర్లోని కాలేజీలు పాతవి మార్చేటప్పుడు అడుగుతూ ఉండు. కొనే ముందు మోకాలు గట్టిగా ఆనించి చూడు. కింద నేల తగిలిందంటే అది ఊరికే ఇచ్చినా తెచ్చుకోకు.

ఆడపిల్లల సంగతి నువ్వు మీ అమ్మతో ఏమీ అనలేదట. అయోవాలో 2022-23 నుంచి ఆడపిల్లల కుస్తీ వేరే గుర్తింపు పొందిన ఆట, వాళ్ల బరువులు వేరు, రాష్ట్ర పోటీ వేరు. హవాయి ఆ పని 1998లోనే చేసింది. నూట ముప్పై మందిలో సగం మందిని పిలవకుండా జట్టు లేదనడం ఏం న్యాయం? నలుగురమ్మాయిలు చేరితే వాళ్లకు వాళ్లే జోడీలు. పక్క బళ్లతో కలిసి ఉమ్మడి జట్టు పెట్టుకోవచ్చు. ఒక మహిళా కోచ్‌ను మొదటి రోజు నుంచీ చూసుకో, తూకాల దగ్గర, చర్మం చూసే దగ్గర ఆవిడ ఉండి తీరాలి.

మగపిల్లలకు కూడా ఉమ్మడి జట్టు ఆలోచన వస్తుంది. మంచిదే, కానీ రెండు బళ్ల విద్యార్థుల సంఖ్య కలిపి చూస్తారు కాబట్టి పై తరగతికి పోయి పెద్ద బళ్లతో తలపడాల్సి రావచ్చు. ఆ లెక్క ముందు చూసుకో. రెండో బడి పిల్లలు రోజూ బస్సులో ఎంతసేపు కూర్చోవాలో కూడా చూసుకో. అరగంట దాటితే జనవరికి సగం మంది మానేస్తారు.

అసలు జట్టు తయారయ్యేది చిన్నపిల్లల క్లబ్బులో. వెయ్యి మంది కూడా లేని గిల్బర్ట్‌విల్ ఊళ్లో డాన్ బాస్కో బడి రాష్ట్రంలో చిన్న బళ్ల తరగతి అయిన 1ఏ టైటిళ్లు మళ్లీ మళ్లీ గెలిచింది. లిస్బన్ కూడా అలాంటి చిన్న ఊరే. అక్కడ పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చి కుస్తీ మొదలెట్టరు, అన్నల మ్యాచులు చూస్తూ మ్యాట్ అంచున పెరుగుతారు. నువ్వూ ఒకటో తరగతి నుంచి ఆరు దాకా, వారానికి రెండు సాయంత్రాలు, ముప్పావుగంట చొప్పున పెట్టు. సగం సేపు ఆటలే ఉండాలి: మోకాళ్ల మీద తోపులాట, తోక పీకే ఆట, ఎండ్రకాయ పరుగు. యూఎస్‌ఏ రెజ్లింగ్‌లో (అమెరికా జాతీయ కుస్తీ సంఘం) క్లబ్బు, పిల్లలు నమోదైతే బీమా ఉంటుంది. నీ ఆరుగురినీ అక్కడ చిన్న కోచ్‌లుగా నిలబెట్టు. నేర్పేటప్పుడు వాళ్లకే ఆ పట్టు బాగా వస్తుంది. దీని ఫలితం ఆరేడేళ్లకు గానీ కనబడదు, అయినా ఈ ఏడే మొదలెట్టు.

ఆ రాష్ట్రంలో ప్రతి తాతా నీకు కుస్తీ వీరుడు డాన్ గేబుల్ గురించి చెబుతాడు. అక్కడి వాటర్లూ ఊరి నుంచి వచ్చి, 1972 మ్యూనిక్‌లో ఒక్క పాయింటూ ఇవ్వకుండా స్వర్ణం తెచ్చినవాడు. శ్రద్ధగా విను. ఎవరి కొడుకైనా ఫైనల్లో ఓడి ఏడుస్తున్నప్పుడు, అదే గేబుల్ 1970లో కాలేజీ చివరి మ్యాచ్ ఓడాడని ఆ తండ్రికి గుర్తుచెయ్యి.

వాన్ నువ్వే నడుపుతావట. మంచు రోడ్ల మీద రాత్రి పదకొండుకు తొమ్మిది మంది పిల్లలతో ఒంటరిగా రాకు. రెండో పెద్దమనిషి లేకపోతే బయల్దేరకు. వాతావరణం బాగోలేదనిపిస్తే మధ్యాహ్నం ఒంటిగంటకే రద్దు చెయ్యి, అవతలి కోచ్ ఏమనుకున్నా సరే. చేరగానే మీ అమ్మకు ఒక మెసేజ్ పెట్టు. తను అడగదు, కానీ మెలకువగానే ఉంటుంది.

ఈ వారం చెయ్యాల్సింది ఒకటి చెబుతాను. 14 బరువులూ ఒక కాగితం మీద నిలువుగా రాసి, పక్కన నీ పిల్లలు కడుపు నిండా తిని, నీళ్లు తాగి ఉన్నప్పుడు తూగిన బరువులు వెయ్యి. ఫొటో తీసి నాకు పంపు. మనిషి లేని చోట ఎవరి పేరూ రాయకు, ఖాళీగానే వదిలి పంపు. ప్రాక్టీసు మొదలయ్యే వారానికి మీ అత్తా నేనూ వస్తున్నాం. గరాజ్‌లో పాత హెడ్‌గేర్లు పదకొండున్నాయి, పట్టీలు కొత్తవి వేయించి తెస్తాను. అందులో చిన్న తలకు సరిపోయేది ఒకటుంది, దాన్ని విడిగా ఉంచు.

మీ మామయ్య